గాదె, కొరడా, ఫ్యాక్టరీ

సివిలైజేషన్ 4లో ‘బ్రాంజ్ వర్కింగ్’ నేర్చుకోగానే మనకి రెండు అధికారాలు దక్కుతాయి. ఒకటి, అడవి నరికే అధికారం. రెండు, బానిసత్వాన్ని రాజ్యవిధానంగా ఎంచుకునే అధికారం. రెండింటికీ ఆట ధర కట్టింది. మామూలు వేగంతో ఆడితే, ‘బియాండ్ ద స్వోర్డ్’ (2007) నాటి లెక్కల్లో, ఒక గడిలోని అడవిని కొట్టేస్తే దగ్గర్లో ఉన్న ఊరికి 20 సుత్తులు వస్తాయి. ఊళ్ళో ఒక తలకాయని ఖర్చుపెడితే 30 సుత్తులు.

ఆడని వాళ్ళ కోసం ఒక మాట. ఇది టర్న్-బేస్డ్ ఆట. మన వంతు మనం ఆడి ‘ఎండ్ టర్న్’ నొక్కితే మిగతా రాజ్యాలు తమ వంతు ఆడతాయి, కొన్నేళ్ళు గడిచిపోతాయి. ఊరి చుట్టూ గడులుంటాయి. ఊరి జనాభాలో ఒక్కో అంకె ఒక్కో గడిలో పనిచేసి తిండో, డబ్బో, ఉత్పత్తో తెస్తుంది. ఉత్పత్తికి గుర్తు సుత్తి. గాదె కట్టాలంటే 60 సుత్తులు కావాలి, కొలిమికి 120, ఫ్యాక్టరీకి 240. సైనికుడైనా, గుడైనా, పిరమిడ్లైనా బేరం సుత్తుల్లోనే. కాబట్టి సుత్తులు పెంచే భవనాలు ఏ ఊళ్ళో, ఎప్పుడు, ఏ వరుసలో కట్టాలన్నదే ఈ ఆటలో సగం విద్య. దాని మీద వచ్చిన గైడ్లకీ వీడియోలకీ అంతులేదు.

ఆ గైడ్లన్నీ అడిగే ప్రశ్న ఒకటే: సుత్తులు పెంచడం ఎలా? ఆ సుత్తి ఎవరి చేతిలో ఉంది అన్నది మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ఆ ప్రశ్నకి ఆటలే జవాబులు చెబుతూ వచ్చాయి. 1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ చేసిన మొదటి సివిలైజేషన్ దగ్గర్నుంచి 2025లో వచ్చిన ఏడోదాని వరకూ, ఒక్కో ఆట ఒక్కో రకం జవాబు ఇచ్చింది. ఉత్పత్తి పెంచే ప్రతి భవనం వెనకా ఒక ఖర్చు ఉంటుంది. అందులో ఏ ఖర్చుని మన కంటికి చూపించాలి, దేన్ని చాటున పెట్టాలి అనే ఎంపికలోనే ఒక్కో ఆట రాజకీయం తెలిసిపోతుంది. ఈ సిరీస్ ఏళ్ళు గడిచేకొద్దీ మర్యాద నేర్చుకుంది. ఆ మర్యాదలో పనిచేసే మనిషి మాయమైపోయాడు.

*

ముందు శాతాల సంగతి చూద్దాం. నాలుగో ఆటలో కొలిమి కడితే ఊరి ఉత్పత్తి 25 శాతం పెరుగుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ టర్నుకి 8 సుత్తులు తెచ్చే ఊళ్ళో 25 శాతమంటే రెండు సుత్తులు. 120 సుత్తులు పోసి కట్టిన కొలిమి తన ఖరీదు తను రాబట్టుకోడానికి 60 టర్నులు పడుతుంది. టర్నుకి 20 సుత్తులు తెచ్చే ఊళ్ళో అదే కొలిమి ఐదు ఇస్తుంది, 24 టర్నుల్లో ఖరీదు తీరిపోతుంది. ఫ్యాక్టరీ లెక్కా ఇంతే: 25 శాతం, కరెంటు కూడా ఉంటే ఇంకో 50.

దీంతో ఏమవుతుంది? కొండలూ గనులూ ఉన్న ఊళ్ళోనే కొలిమి పడుతుంది. ఆ ఊరు కొలిమి వల్ల ఇంకా వేగంగా కడుతుంది కాబట్టి తర్వాతి భవనమూ అక్కడే పడుతుంది. వందో టర్ను దాటేసరికి ఒక ఊరు రాజ్యాన్ని మోస్తూ ఉంటుంది, మిగతావి దానికి కాపలా కాస్తుంటాయి. ఆ ఊళ్ళని వెనకబెట్టాలని మనం ఏ తీర్మానమూ చెయ్యలేదు. ఆ పని శాతం గుర్తు చేసింది. ఉన్నచోటే పెట్టుబడి ‘ఫలిస్తుంది’ అనే మాట మనం బయట కూడా చాలాసార్లు విని ఉంటాం. ఆ మాట ఎక్కడ పుడుతుందో ఈ ఆట వేళ్ళతో లెక్కపెట్టించి మరీ చూపిస్తుంది.

2016లో వచ్చిన ఆరో ఆట ఈ సూత్రాన్ని తిరగేసింది. అక్కడ ఫ్యాక్టరీ శాతాన్ని ఇవ్వదు. ఒక స్థిరమైన అంకెని, ఆరు గడుల లోపున్న మన ఊళ్ళన్నిటికీ పంచుతుంది. 40 తెచ్చే ఊరికి మూడు కలిస్తే ఎవరూ పట్టించుకోరు. ఐదు తెచ్చే ఊరికి అదే మూడు కలిస్తే ప్రాణం లేచొస్తుంది. గుణకారం బదులు కూడిక పెట్టినందుకే బక్క ఊళ్ళు బతికాయి. మొదట్లో పక్కపక్క ఫ్యాక్టరీల లాభాలన్నీ ఒకే ఊరికి కలిసొచ్చేవి. ఆటగాళ్ళు దేశమంతా ఇండస్ట్రియల్ జోన్లతో నింపేస్తుంటే, తర్వాత ఒక అప్‌డేట్‌లో ఆ దారి మూసేశారు. రెండు ఆటల్లోనూ దాని పేరు ఫ్యాక్టరీయే. కానీ ఆ ఫ్యాక్టరీలు నేర్పే అర్థశాస్త్రాలు రెండు. గేముల మీద రాసేటప్పుడు గ్రాఫిక్స్, కథ, సంగీతం గురించి పేజీలు రాస్తాం. ఇలాంటి చోట గుణకారం గుర్తుందా, కూడిక గుర్తుందా అన్నది మాత్రం చదవం. నిజానికి ఈ ఆటలో శైలి అంటే అదే.

*

మళ్ళీ నాలుగుకి వద్దాం. 2005లో సోరెన్ జాన్సన్ లీడ్ డిజైనర్‌గా వచ్చిన ఆట ఇది. ఇప్పటికీ దీన్ని వదలని వాళ్ళున్నారు. ఇందులో తొలి శతాబ్దాల్లో అన్నిటికంటే గట్టిగా ఉత్పత్తి పెంచే భవనం ఏది? కొలిమి అంటాం. అది తప్పు, గాదె.

లెక్క చూడండి. నాలుగు జనాభా ఉన్న ఊరు ఐదుకి పెరగాలంటే 28 తిండి కావాలి. గాదె ఉంటే ఊరు పెరిగినప్పుడల్లా సగం తిండి మిగిలిపోతుంది, అంటే అసలు ఖర్చు 14. బానిసత్వం అమల్లో ఉంటే ఆ ఐదో మనిషిని కొరడాతో 30 సుత్తులుగా మార్చుకోవచ్చు. అదే మనిషిని పచ్చటి కొండ మీద గనిలో పెడితే టర్నుకి మూడు సుత్తులు తెస్తాడు, 30 తేవడానికి పది టర్నులు. ఆ పది టర్నులూ తిండి తింటాడు, ఊళ్ళో చోటు అడుగుతాడు. కొరడాకి ఒక్క టర్ను చాలు. కొలిమి కూడా ఉంటే దాని 25 శాతం కొరడా సుత్తులకీ వర్తించి, ఆ 30 కాస్తా 37 అవుతుంది.

కాబట్టి ఆరితేరిన ఆటగాడి ఊరు ఇలా నడుస్తుంది: మొక్కజొన్న చేను పక్కన ఊరు పెట్టు, గాదె కట్టు, జనాన్ని పెంచు, ఇద్దర్ని వాడు, మళ్ళీ పెంచు. ఊరి జనాభాలో సగానికి మించి ఒక్కసారి వాడకూడదని ఆట హద్దు పెట్టింది. వాడినందుకు ఊళ్ళో ఒక మొహం పది టర్నుల పాటు కోపంగా ఉంటుంది. మీ క్రూరత్వాన్ని మరిచిపోలేం అన్న అర్థంలో ఒక వాక్యం కూడా కనిపిస్తుంది. పది టర్నులయ్యాక మరిచిపోతారు.

మన భాషలో గాదె ఒక నిశ్చింత. ఏడాది గడుస్తుందన్న ధైర్యం అది. గాదె కింద పందికొక్కుల్ని తిట్టుకోవడం మనకి బాగా అలవాటు. ఈ ఆటలో ఆ పందికొక్కు స్థానం పాలకుడిది, అంటే మనది. తిండి దాచేది జనం బతకడానికి అనుకుంటాం. ఇక్కడ దాచేది, వాళ్ళు త్వరగా పుడితే త్వరగా ఖర్చు పెట్టుకోవచ్చని.

ఇది ఆట దుర్మార్గమా, నిజాయితీయా? రెండు వైపులా వాదించొచ్చు. బానిసత్వాన్ని ఇంత లాభసాటిగా పెట్టడం దాన్ని మెచ్చుకోవడమే అని ఒక వాదన. ఆ వాదనకి బలముంది. ఖర్చయ్యేవాడికి పేరు లేదు, జాతి లేదు, కొనుగోలు లేదు, సంకెళ్ళు లేవు. వాడు ఎదురుతిరగడు. బానిసల తిరుగుబాటు ‘బియాండ్ ద స్వోర్డ్’తో ఒక యాదృచ్ఛిక ఘటనగా మాత్రమే వచ్చింది, వాన వరద వచ్చినట్టు. చివరికి బానిసత్వం పోవడం కూడా వాడి పోరాటం వల్ల జరగదు. ‘డెమోక్రసీ’ నేర్చుకున్న ఏదో ఒక రాజ్యం విముక్తి విధానాన్ని చేపడితే, చేపట్టని రాజ్యాల్లో జనం అసంతృప్తి పడతారు. ఆ అసంతృప్తి ఖరీదు ఎక్కువైనప్పుడు మనమూ మారతాం. విముక్తి కూడా ఒక ఖర్చు లెక్కే.

అయినా నేను రెండో వైపు మొగ్గుతాను. ఈ ఆటలో భవనం లేచినప్పుడు జనాభా అంకె తగ్గడం మన కంటికి కనిపిస్తుంది. ఆరున్న చోట నాలుగుంటుంది, దాని పక్కనే పూర్తయిన గుడి ఉంటుంది. ఒకటి ఇంకొకటిగా మారిందని దాచడానికి వీల్లేదు. చరిత్ర పుస్తకాల్లో రాజులే ఉండి, కట్టినవాళ్ళు లేకపోవడాన్ని శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో నిలదీశాడు. ఆ కవిత చదువుకుని పెరిగిన మనం ఈ ఆటలో తాజ్‌మహల్ కడతాం. 700 సుత్తులు, పాలరాయి ఉంటే రెట్టింపు వేగం, పూర్తయితే స్వర్ణయుగం. ఆ 700లో కొరడా సుత్తులు ఎన్నో ఆటగాడికి తెలుసు, ఎందుకంటే నొక్కింది తనే. తెలిసి చెయ్యడం తెలియక చెయ్యడం కంటే మంచిదని అనను. కానీ తెలియజెప్పే రచన తెలియనివ్వని రచన కంటే మంచిది.

*

ఇదే ఆటలో మన దేశం ఎలా ఉందో చూడాలి. గాంధీ ఈ సిరీస్‌లో పాత కాపు. అణుబాంబులేసే గాంధీ మీమ్ అందరికీ తెలుసు. మొదటి ఆటలో బగ్ వల్ల అలా జరిగిందన్న కథ నిజం కాదని సిడ్ మైయర్ 2020లో తన జ్ఞాపకాల పుస్తకంలో చెప్పేశాడు. ఆ మీమ్ పుణ్యమా అని ఎవరూ పట్టించుకోని విషయాలు నాలుగో ఆటలో రెండున్నాయి.

ఒకటి: గాంధీ స్వభావాల్లో ఒకటి ‘స్పిరిచువల్’. దాని వల్ల వచ్చే లాభం, రాజ్యవిధానాలు మార్చినప్పుడు అరాచకం రాదు. మిగతా రాజులు బానిసత్వంలోకి వెళ్ళడానికీ బయటికి రావడానికీ టర్నులు పోగొట్టుకుంటారు. గాంధీకి ఆ నష్టం లేదు. ఇష్టమొచ్చినప్పుడు కొరడా పట్టుకుని, పనైపోయాక పక్కన పెట్టగలడు. 1909లోనే ‘హింద్ స్వరాజ్’ రాసి యంత్ర నాగరికతని మొత్తంగా తిరస్కరించిన మనిషిని, ఈ లెక్కల్లో కొరడా వాడటానికి అన్నిటికంటే వీలైన నాయకుల్లో ఒకడిగా మార్చారు. ఎవరో కుట్రపన్ని చేసిన పని కాదిది. ఆధ్యాత్మికత అనే మాటకి ఒక అంకె ఇవ్వాల్సొచ్చి ఇచ్చారు, ఆ అంకె వెళ్ళి ఇంకో అంకెతో కలిసింది.

రెండు: ఒక్కో దేశానికి ఒక్కో ప్రత్యేక దళం ఉంటుంది. రోముకి ప్రిటోరియన్, జపానుకి సమురాయ్. ఇండియాకి? ‘ఫాస్ట్ వర్కర్’. మామూలు కూలీ టర్నుకి రెండు గడులు నడిస్తే మన కూలీ మూడు నడుస్తాడు. ఆటపరంగా చాలా మంచి యూనిట్, మొదటి టర్ను నుంచి చివరి దాకా పనికొస్తాడు. ఆటగాళ్ళు సంబరపడతారు కూడా. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా ‘పాలమూరు లేబర్’ అన్న మాట గుర్తొస్తుంది. దేశమంతటా ఆనకట్టలు కట్టి కాలువలు తవ్విన మహబూబ్‌నగర్ జిల్లా కూలీలకి ఆ పేరు. సొంత జిల్లా కరువులో ఉంటే ఊరు కాని ఊళ్ళో నీళ్ళు పారించిన వాళ్ళు. ఒక జిల్లా పేరు ఒక పనివాడి రకానికి పేరైపోయింది. సాహిత్యంలో అలాంటి మాట కనిపిస్తే ఆగి ఆలోచిస్తాం. ఆటలో కనిపిస్తే ‘ఆటోమేట్’ బటన్ నొక్కేస్తాం.

*

2010లో వచ్చిన ఐదో ఆటలో కొరడా తీసేశారు. తొందరపడాలంటే డబ్బిచ్చి భవనాన్ని కొనుక్కోవాలి. డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్నది ఆటకి అక్కర్లేదు. వర్క్‌షాప్, విండ్‌మిల్, ఫ్యాక్టరీ వరసగా లేస్తాయి. ఫ్యాక్టరీకి బొగ్గు కావాలి, అంతే. పొగ లేదు.

ఈ ఆటకి 2013లో వచ్చిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో ఒక చిత్రమైన నియమం ఉంది. మూడు ఫ్యాక్టరీలు కడితే, ఆధునిక యుగం రాకముందే ఒక భావజాలాన్ని ఎంచుకోవచ్చు: ఫ్రీడమ్, ఆర్డర్, ఆటోక్రసీ. ఒకరకంగా ఇది చాలా లోతైన ఆలోచన. రాజకీయాలు యంత్రాల్లోంచి పుడతాయని ఒక పాప్యులర్ గేమ్ ఒప్పుకోవడం చిన్న సంగతేం కాదు. కానీ ఫ్యాక్టరీకీ భావజాలానికీ మధ్య ఉండాల్సిన వాళ్ళు లేరు. సమ్మె లేదు, యూనియన్ లేదు, షిఫ్టు సైరన్ లేదు. ‘ఆర్డర్’ కింద పంచవర్ష ప్రణాళిక పేరుతో ఒక సూత్రం ఉంది. అది ఇచ్చేది కూడా మరిన్ని సుత్తులే. కార్మికుడు లేని కమ్యూనిజం ఇది. అలాంటిది ఇన్నేళ్ళుగా కోట్ల గంటల పాటు ఆడినా ఎవరికీ వెలితి అనిపించలేదంటే, లేని మనిషిని లేడని గమనించకుండా ఉండటం మనకి ఎంత అలవాటో తెలుస్తుంది. నాలుగేళ్ళ వెనక్కి కాదు, 2001 నాటి మూడో ఆటలోకి వెళ్తే, అక్కడ కమ్యూనిజంలో భవనం తొందరగా లేవాలంటే జనాభానే బలిపెట్టాలి. అది మొరటు, పక్షపాతం కూడా. కానీ కనీసం అక్కడ జనం ఉన్నారు.

ఆరో ఆటలో సుత్తి గుర్తు పోయి పళ్ళచక్రం వచ్చింది. చేతితో పట్టుకునే పనిముట్టు పోయి, చెయ్యి అక్కర్లేని యంత్రభాగం వచ్చింది. ‘వర్కర్’ అన్న పేరు పోయి ‘బిల్డర్’ వచ్చాడు. ఇతనికి మూడు పనుల ఆయుష్షు. ఒక పొలం, ఒక గని, ఇంకో పొలం. మూడో పని పూర్తయిన క్షణంలో తెర మీంచి మాయమైపోతాడు. ఎక్కడికి పోయాడని ఆట చెప్పదు. చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్‌గా ఆడితే ఆ బిల్డర్ ఆయుష్షులో ఒక వంతుని పాత యుగాల అద్భుతాల్లో 15 శాతంగా పోయొచ్చు. అజ్టెక్‌గా ఆడితే ఒక్కో వంతూ డిస్ట్రిక్ట్ ఖరీదులో 20 శాతం. అజ్టెక్ ‘ఈగిల్ వారియర్’ యుద్ధంలో ఓడించిన శత్రువు బిల్డర్‌గా మారొచ్చు కూడా. వాణ్ణి ఆట బానిస అనదు, కొరడా బొమ్మ చూపించదు. కానీ బందీగా పట్టుకుని, పని చేయించి, మాయం చేసే వరుస మొత్తం అక్కడే ఉంది. మాట మార్చాక పని చెయ్యడం ఇంకా తేలికైంది.

అయితే ఆరుకి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. మొదటి ఆటలోనే ఉన్న కాలుష్యం, భూతాపం ఐదోదానికి వచ్చేసరికి కనబడకుండా పోయాయి. 2019లో ‘గ్యాదరింగ్ స్టార్మ్’ వాటిని తిరిగి తెచ్చింది. పవర్ ప్లాంట్ కడితే ఫ్యాక్టరీ బలం పెరుగుతుంది. బొగ్గుతో నడిపితే అన్నిటికంటే ఎక్కువ కార్బన్. అది ప్రపంచం మొత్తానికి ఒకే ఖాతాలో పడుతుంది. సముద్రం దశలవారీగా లేస్తుంది. మన పొగకి మునిగేది మన ఊరే అవ్వాలని లేదు. పొగగొట్టం ఒక ఖండంలో ఉంటే, మునిగే పొలం ఇంకో ఖండంలో ఉంటుంది. అడ్డుకోడానికి వరద గోడలు కట్టాలి. గోడ కట్టడానికి కావాల్సింది మళ్ళీ ప్రొడక్షనే, సముద్రం లేచేకొద్దీ గోడ ఖరీదూ లేస్తుంది. ఉత్పత్తి చేసిన గాయానికి ఉత్పత్తితోనే మందు వేయించే ఈ చక్రం నాకు తెలిసి సిరీస్ మొత్తంలో బాగా రాసిన అధ్యాయం. ముందు పారిశ్రామికమైన వాడికి లాభం ముందే వచ్చేసి ఉంటుంది, బిల్లు అందరికీ కలిపి వస్తుంది. ఒక్క ఉపన్యాసం లేకుండా ఈ సంగతి అర్థమవుతుంది.

అంటే ఆరు ఆకాశం ఖర్చుని చూపించి, మనిషి ఖర్చుని దాచింది. నాలుగు మనిషి ఖర్చునే చూపించింది. రెండూ ఒకే ఆటలో చూసే రోజు ఇంకా రాలేదు.

ఏడో ఆట ఆ దిశగా వెళ్ళలేదు. ఇందులో బిల్డర్ కూడా లేడు. ఊరు పెరిగితే ఏ గడి అభివృద్ధి చెందాలో మనం చూపిస్తాం, గని తనంతట తనే వెలుస్తుంది. ఇటుకల బట్టీ కడితే మట్టిగుంటలూ గనులూ క్వారీలూ ఎక్కువ ఇస్తాయి. రంపపు కోత కొట్టు కడితే కలప ఎక్కువ వస్తుంది. ఆడటానికి హాయిగా ఉంది, విసుగు తగ్గింది. వందల క్లిక్కులు మిగిలాయి. ఆ మిగిలిన క్లిక్కులన్నీ ఒకప్పుడు ఎవరో ఒకర్ని ఎక్కడికో పంపిన క్లిక్కులు.

అన్నీ చూపించాలంటే ఆట ఆటలా ఉండదని అనేవాళ్ళున్నారు. నిజమే, కుదించకుండా ఏ రచనా సాధ్యం కాదు. ఆరు వేల ఏళ్ళని ఒక రాత్రిలోకి కుదించాలంటే చాలా వదిలెయ్యాలి. కానీ వదిలేసిన వాటి జాబితాలో ముప్ఫై ఏళ్ళుగా ఒకే పేరు పెరుగుతూ పోతుంటే అది కుదింపు మాత్రమే కాదు, అభిరుచి. ఇటుకల బట్టీ అన్న మాట తెలుగులో ఒంటరిగా వినిపించదు. దాని పక్కన అడ్వాన్సు తీసుకుని కుటుంబంతో సహా వలసొచ్చినవాళ్ళు, బడి మానేసిన పిల్లలు, తీరని అప్పు ఉంటాయి. ఏడో ఆటలో దాని పక్కన ఉన్నది ప్లస్ ఒకటి. ఆడదాం, బట్టీ కూడా కడదాం. ఆ ప్లస్ ఒకటిని మాత్రం ఒక వాక్యం చదివినట్టు చదువుదాం. అందులో కర్త లోపించాడు.